వేగుచుక్క మీద పడ్డ అపవాదు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు వినబడుతోందా? వెనకాల కూర్చున్నవాళ్లకి? సరే.

రోమన్ పురాణాల్లోంచి ఏదైనా ఒక పేరు తీసుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పమని నన్ను అడిగారు. జూపిటర్ గురించి చెబుతానని అనుకుని ఉంటారు. వేదంలోని ద్యౌష్పితకీ ఆ జూపిటర్‌కీ చుట్టరికం ఉంది, ఇద్దరూ ఆకాశ తండ్రులే, ఆ సంగతి మీలో చాలామందికి తెలుసు కూడా. నేను లూసిఫర్ గురించి మాట్లాడతానన్నాను. అవతల ఫోన్లో కాసేపు ఉలుకూ పలుకూ లేదు. (నవ్వులు)

భయపడకండి. లూసిఫర్ అంటే సాతాను పేరని అందరూ అనుకుంటారు గానీ, ఇది దయ్యాల ప్రసంగం కాదు. ఒక మాట గురించిన ప్రసంగం. అది కూడా నేను నా తెలివితో కనిపెట్టింది కాదు, ఒక విద్యార్థిని నా తప్పు పట్టుకుంటే తెలుసుకున్నది.

నేను డిగ్రీ పిల్లలకి చాలా ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఒకరోజు మిల్టన్ అనే ఇంగ్లీషు కవి పాఠం. సాతాను స్వర్గం నుంచి పడిపోవడం గురించి చెబుతూ, "వీడి అసలు పేరు లూసిఫర్, బైబిల్లో యెషయా గ్రంథం 14వ అధ్యాయంలో ఉంటుంది, ఇంటికెళ్లి చూసుకోండి" అన్నాను. చాలా ధీమాగా అన్నాను. మర్నాడు ఒక అమ్మాయి గుడ్డ అట్ట వేసిన తెలుగు బైబిల్ పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చింది. "సార్, ఇందులో లూసిఫర్ లేడు."

"ఉంటాడమ్మా, సరిగ్గా చూడు."

"రెండుసార్లు చూశాను సార్. మా అమ్మమ్మని కూడా అడిగాను. యాభై ఏళ్ల నుంచి చదువుతోంది. ఆ పేరు పాస్టరు గారి నోట విన్నాను గానీ పుస్తకంలో చూడలేదే అంది."

పుస్తకం తీసుకుని చూశాను. నిజంగానే లేడు. 14వ అధ్యాయం 12వ వచనం ఇలా ఉంది: "తేజోనక్షత్రమా, వేకువచుక్కా, నీవెట్లు ఆకాశమునుండి పడితివి?" అంతే. ఎవరి పేరూ లేదు. ఒక చుక్క ఉంది. ఆ సాయంత్రం పాత ఇంగ్లీషు బైబిల్ తీసి చూస్తే, 1611లో జేమ్స్ రాజు కాలంలో అచ్చయిన అనువాదంలో, అదే చోట లూసిఫర్ దర్జాగా కూర్చుని ఉన్నాడు. ఒకటే వచనం. ఇంగ్లీషులో ఒక వ్యక్తి, తెలుగులో ఒక చుక్క. ఇద్దరిలో ఎవరు తప్పు రాశారు? ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు.

ముందు మాట సంగతి చూద్దాం. లూసిఫర్ లాటిన్ మాట. లాటినువాళ్ల నోట అది "లూకిఫెర్". రెండు ముక్కలు. "లూక్స్" అంటే వెలుగు. "ఫెర్" అంటే మోసేది, తెచ్చేది. వెలుగు తెచ్చేది. ఆ రెండో ముక్క మీకు కొత్తదేం కాదు. బోటనీ చదివినవాళ్లకి కోనిఫర్ తెలుసు, కోన్లు కాసే చెట్టు. భూగర్భ జలాల వాళ్లు ఆక్విఫర్ అంటారు, నీళ్లు మోసే పొర. ఆ ఫర్, ఈ ఫర్ ఒకటే.

ఇంకొంచెం లోతుకు పోతే మన ఇంటి గుమ్మంలోకే వస్తాం. లాటిన్ "ఫెర్రె"కీ సంస్కృతంలో "భృ" ధాతువుకీ మూలం ఒక్కటే. భారం, భర్త, భరించడం, ఇవన్నీ ఆ ధాతువు పిల్లలు. "లూక్స్"కి చుట్టం సంస్కృతంలో "రుచ్", ప్రకాశించడం. రోచిస్సు అంటే కాంతి. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడి పేరులో ఉన్నది ఆ వెలుగే. మనం పప్పులో ఉప్పు సరిపోయిందా అని చూసే రుచి కూడా మొదట కాంతే, తరవాత ఇష్టమైంది, ఆ తరవాత నాలుక మీదకి దిగింది. తెలుగు ద్రావిడ భాష, లాటినుకి చుట్టం కాదు. కానీ సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న ఈ రెండు మాటలూ ఆ చుట్టరికాన్ని మోసుకొచ్చాయి. లూసిఫర్ అనే పేరులోని రెండు ముక్కలకీ దగ్గరివాళ్లు రోజూ మన వంటింట్లో తిరుగుతున్నారన్నమాట.

మరి రోమన్లు ఎవరిని లూసిఫర్ అన్నారు? తెల్లవారుజామున తూర్పున పొడిచే శుక్రగ్రహాన్ని. క్రీస్తు పుట్టకముందు వాడైన సిసిరో అనే రోమన్ రచయిత, దేవుళ్ల స్వభావం మీద రాసిన గ్రంథంలో, సూర్యుడి ముందు నడిస్తే ఈ చుక్కని లూసిఫర్ అంటారు, సూర్యుడి వెనక నడిస్తే హెస్పెరోస్ అంటారు అని వివరంగా రాశాడు. ప్లినీ అనే ఇంకో రోమన్ రచయిత మంచి మాట అన్నాడు, దీని కాంతికి వస్తువులకి నీడలు కూడా పడతాయట. అది నిజమే. కరెంటు దీపాలు లేని చోట, చంద్రుడు లేని రాత్రి, తెల్ల గోడ దగ్గర ప్రయత్నించి చూడొచ్చు. ఈ రోజుల్లో అలాంటి చీకటి దొరకడమే కష్టం.

దీనికి పురాణంలో ఒక కుటుంబం కూడా ఉంది. గ్రీకులు ఉషస్సు కొడుకు అన్నారు. గ్రీకులో పేరు "ఫోస్ఫోరోస్", అచ్చంగా అదే అర్థం, వెలుగు తెచ్చేవాడు. "హెయోస్ఫోరోస్" అని ఇంకో రూపం, ఉషస్సుని తెచ్చేవాడు. రోమన్ కవులు అతన్ని అరోరా, అంటే వాళ్ల ఉషస్సు, కొడుకుగా చెప్పుకున్నారు. పెద్ద పెద్ద యుద్ధాలూ శాపాలూ ఉన్న దేవుడేం కాదు. కథల్లో అతని పాత్ర చిన్నది, కానీ ఉన్నచోటల్లా మర్యాదస్తుడే.

రోమన్ కవి ఓవిడ్ రాసిన రూపాంతరాల కావ్యంలో రెండు చోట్లు నాకు చాలా ఇష్టం. ఒకటి రెండో సర్గలో. తెల్లవారుతోంది. నక్షత్రాలు పారిపోతున్నాయి. లూసిఫర్ వాటి బారుల్ని వెనకనుంచి తోలుతూ, అన్నింటికన్నా ఆఖరున ఆకాశంలో తన కాపలా చోటు వదిలి వెళ్తాడు. మందని దొడ్లోకి తోలి, చివరి గొర్రె లోపలికి వెళ్లాక తడిక మూసే కాపరిని చూసినవాళ్లకి ఈ బొమ్మ వెంటనే కళ్లకు కడుతుంది.

రెండోది పదకొండో సర్గలో. లూసిఫర్‌కి ఒక కొడుకు, సీయిక్స్, ట్రాకిస్ అనే ఊరికి రాజు. భార్య అల్సియోనీ వద్దంటున్నా ఓడెక్కి వెళ్తాడు. తుఫానులో ఓడ పగిలి మునిగిపోతాడు. మర్నాడు వేకువజామున లూసిఫర్ పొడవాలి కదా. కొడుకు చచ్చిపోయాడు. అయినా ఆకాశం వదిలి పోవడానికి వీల్లేదు, అది అతని డ్యూటీ. అందుకని దట్టమైన మబ్బుల్ని ముఖానికి కప్పుకున్నాడట, ఎవరూ గుర్తుపట్టకుండా. చూడండి, లూసిఫర్ అనగానే మనకి కొమ్ములూ తోకా గుర్తొస్తాయి. ఆ మాట పుట్టిన భాషలో, ఆ భాషలోని గొప్ప కవి దగ్గర, లూసిఫర్ అంటే కొడుకుని పోగొట్టుకుని కూడా డ్యూటీకి వచ్చి కొంగు చాటున ఏడ్చుకున్న తండ్రి.

వర్జిల్ అనే ఇంకో రోమన్ కవి కూడా ఉన్నాడు. ట్రాయ్ నగరం రాత్రంతా తగలబడింది. ఈనియస్ అనే వీరుడు ముసలి తండ్రిని భుజాన మోసుకుంటూ బయటపడ్డాడు, భార్య తప్పిపోయింది. ఆ సర్గ ఆఖర్లో ఇడా కొండ శిఖరాల మీద లూసిఫర్ పొడుస్తూ పగటిని వెంటబెట్టుకొస్తున్నాడు అంటాడు. అంత విధ్వంసం తరవాత వచ్చే ఒకే ఒక్క ఓదార్పు అది.

ఇంతవరకు బాగానే ఉంది. మరి పడిపోవడం ఎక్కణ్ణుంచి వచ్చింది?

దీనికి కాస్త ఆకాశం తెలియాలి. మన ఇళ్లలో పెళ్లి ముహూర్తం అడిగితే పంతులు గారు "శుక్ర మూఢం అండీ, ఆగాలి" అంటారు కదా. ఆ మూఢం అంటే ఏమిటి? శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా ఉండి మన కంటికి కనబడని రోజులు. శుక్రుడి కక్ష్య మన కక్ష్యకి లోపల ఉంది. అందువల్ల మనం చూసినప్పుడు సూర్యుడి నుంచి ఏనాడూ సుమారు 47 డిగ్రీలకి మించి దూరం పోలేడు. తాడు కట్టిన దూడ లాగా. కొన్ని నెలలు సాయంత్రం పడమట కనిపిస్తాడు, తరవాత మూఢం, తరవాత కొన్ని నెలలు తెల్లవారుజామున తూర్పున, మళ్లీ మూఢం. ఈ చక్రం మొత్తం 584 రోజులు. ఒక మూఢం చిన్నది, వారం పైచిలుకు. ఇంకోటి పెద్దది, నెలన్నర దాటుతుంది.

ఇప్పుడు వేగుచుక్కనే చూడండి. చీకట్లో పైకి లేస్తుంది. ఆకాశంలో దానంత కాంతి గల చుక్క లేదు. పైకి, ఇంకా పైకి ఎక్కుతుంది. నడినెత్తికి చేరుతుందేమో అనిపిస్తుంది. చేరేలోపల తెల్లవారిపోతుంది. సూర్యుడి వెలుగులో కరిగిపోతుంది. చీకటి ఉండగా ఆ చుక్క ఎప్పటికీ నడినెత్తికి రాదు, రాలేదు. అందరికన్నా ముందు మెరిసి, అందరికన్నా పైకి ఎక్కబోయి, సింహాసనం దాకా చేరకుండానే మాయమైపోయే చుక్క. ఒక కవి కంట్లో పడితే ఊరుకుంటాడా?

ఊరుకోలేదు. యెషయా గ్రంథం 14వ అధ్యాయం ఒక పాట. ఎవరి మీద పాట అన్నది ఆ అధ్యాయమే చెబుతుంది, 4వ వచనంలో: బబులోను, అంటే బాబిలోన్, రాజు గురించి ఎత్తిపొడుపు పాట. జనాల్ని అణగదొక్కిన రాజు చచ్చాడు. లోకం ఊపిరి పీల్చుకుంది. ఇన్నాళ్లూ గొడ్డలి వేటుకు భయపడిన లెబానోను దేవదారు చెట్లు కూడా సంతోషిస్తున్నాయి. పాతాళంలో అంతకుముందే చచ్చిపోయిన రాజులు కుర్చీల్లోంచి లేచి "నువ్వూ మాలాగే అయిపోయావా" అని పలకరిస్తారు. పరుపుకి బదులు పురుగులు. అక్కడ వస్తుంది మన వచనం. నువ్వు ఆకాశానికి ఎక్కుతాననుకున్నావు, నక్షత్రాల పైన సింహాసనం వేసుకుంటాననుకున్నావు, ఇప్పుడు చూడు ఎక్కడున్నావో, అని. ఆ తరవాత చూసినవాళ్లు అంటారు, భూమిని వణికించిన మనిషి ఇతనేనా? మనిషి. ఇంకా కింద, మిగతా రాజులకి గోరీలన్నా ఉన్నాయి, నీకు అదీ లేదు, అంటారు. శవం, పురుగులు, గోరీ. ఇవి మనిషికి ఉంటాయి, దేవదూతకి ఉండవు. దీనికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు, అధ్యాయం మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి చదివితే చాలు. మనం ఒక్క వచనం కత్తిరించి జేబులో పెట్టుకుంటాం, అదీ ఇబ్బంది.

పాట వెటకారం ఎంత పదునైనదో చూడండి. బబులోను వాళ్లకి శుక్రుడంటే ప్రాణం. ఇష్తార్ దేవత గ్రహం అది. అమ్మిసదుఖ అనే బబులోను రాజు కాలంలో శుక్రుడు ఎప్పుడు కనిపించాడు, ఎప్పుడు మాయమయ్యాడు అని 21 ఏళ్ల లెక్కలు కట్టారు. దాని నకలు మట్టిపలక మీద రాసింది నినెవె అనే పాత నగరం గ్రంథాలయంలో దొరికింది, ఇప్పుడు లండన్లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అలాంటి ఊరి రాజుని పట్టుకుని "ఓయ్ వేగుచుక్కా" అని వెక్కిరించాడు హీబ్రూ కవి.

హీబ్రూలో ఆ మాటలు "హేలేల్ బెన్ షాహర్". మెరిసేవాడా, ఉదయపు కుమారుడా అని. ఈ బొమ్మ వెనక ఇంకా పాత కథ ఏదో ఉండొచ్చని కొందరు పండితులు అంటారు. 1929లో సిరియా తీరంలో మొదలైన ఉగరిత్ అనే పాత నగరం తవ్వకాల్లో మట్టిపలకలు బయటపడ్డాయి. వాటిల్లో అత్తార్ అనే దేవుడి కథ ఉంది. అతన్నీ వేగుచుక్క దేవుడే అంటారు. బాల్ దేవుడు లేని సమయంలో అతని సింహాసనం మీద కూర్చోబెడతారు. కూర్చుంటే కాళ్లు పీటకి అందలేదు, తల పై అంచుకి చేరలేదు. పాపం, దిగి వచ్చేశాడు. తండ్రి చెప్పులు వేసుకుని నడవబోయిన పిల్లవాడి లాగా. పడగొట్టింది ఎవరూ లేరు, కొలత సరిపోలేదు, అంతే.

తరవాత అనువాదాలు. హీబ్రూ లేఖనాలని గ్రీకులోకి తెచ్చినవాళ్లు ఇక్కడ హెయోస్ఫోరోస్ అని పెట్టారు. సరైన మాట. నాలుగో శతాబ్దం చివర్లో జెరోమ్ అనే పండితుడు బెత్లెహేములో కూర్చుని హీబ్రూ నుంచి లాటినులోకి అనువదించాడు. వేగుచుక్కకి లాటినులో మాట ఏమిటి? లూసిఫర్. అదే రాశాడు. అదీ సరైన మాటే. అదే లాటిన్ బైబిల్లో ఇంకెక్కడెక్కడ ఈ మాట ఉందో చూడండి. యోబు గ్రంథంలో యోబుని ఓదారుస్తూ స్నేహితుడు, అంతా అయిపోయిందనుకున్నప్పుడు నువ్వు లూసిఫర్‌లా ఉదయిస్తావు అంటాడు. పేతురు రెండో పత్రికలో, లూసిఫర్ మీ హృదయాల్లో ఉదయించేదాకా అని ఉంది. తెలుగులో అక్కడ కూడా మనవాళ్లు వేకువచుక్క అనే పెట్టారు. లూసిఫర్ అంటే సాతానే అయితే మీ గుండెల్లో సాతాను పుట్టేదాకా ఆగండి అని చెప్పినట్టు! (నవ్వులు)

ఇంకో తమాషా. జెరోమ్ కాలంలోనే సార్డీనియా దీవిలో కాలియారి ఊరికి ఒక బిషప్పు ఉండేవాడు. అతని పేరు లూసిఫర్. అవును, తల్లిదండ్రులు పెట్టిన పేరు. మత విషయాల్లో రాజీ పడని మొండిమనిషి, చక్రవర్తితో పెట్టుకుని దేశబహిష్కారం కూడా అనుభవించాడు. అతని అనుచరుల్ని లూసిఫేరియన్లు అనేవారు, వాళ్లని విమర్శిస్తూ జెరోమ్ ఒక సంవాదమే రాశాడు. ఇప్పటికీ ఆ దీవిలో అతన్ని సెయింట్ లూసిఫర్‌గా కొలుస్తారు, కాలియారి పెద్ద చర్చిలో అతని పేరు మీద ఒక ప్రార్థనా స్థలం ఉంది. నాలుగో శతాబ్దంలో ఒక క్రైస్తవ బిషప్పు ఆ పేరుతోనే ఉండగలిగాడు. మనం ప్రకాశ్ అని పెట్టుకున్నట్టు. దివాకర్ అన్నా సరిపోతుంది.

అయితే బండి దారి మళ్లడం అప్పటికే మొదలైంది. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకి చెందిన ఓరిజెన్ అనే వేదాంతి, బబులోను రాజు మీది ఈ పాటని సాతాను పతనానికి వర్తింపజేశాడు. లూకా సువార్తలో ఏసు, సాతాను మెరుపులా ఆకాశం నుంచి పడడం చూశాను అంటాడు. ఇక్కడ ఆకాశం నుంచి పడిపోయిన చుక్క ఉంది. రెండూ కలిపి చదివారు. తరవాత వచ్చిన పెద్దలు చాలామంది అదే దారి పట్టారు. జెరోమ్‌కి కూడా ఈ వ్యాఖ్యానం తెలుసు. ఒక కవితకి రెండో అర్థం చెప్పడం తప్పేం కాదు, మన వ్యాఖ్యాతలు మాత్రం చెప్పరూ? చిక్కు ఎక్కడ వచ్చిందంటే, లాటిన్ జనానికి మాతృభాష కాకుండా పోయింది. లూసిఫర్ అంటే వేగుచుక్క అని తెలిసినంతకాలం అది మాట. తెలియకపోయేసరికి అది పేరు.

పద్నాలుగో శతాబ్దంలో విక్లిఫ్ బృందం లాటిన్ నుంచి ఇంగ్లీషు చేసినప్పుడు ఆ మాటని అలాగే ఉంచేశారు. 1611 వాళ్లు హీబ్రూ ముందు పెట్టుకుని కూడా లూసిఫరే ఉంచారు, ఎందుకంటే అప్పటికే అందరి చెవుల్లో అది నానిపోయింది. ఇంగ్లీషులో ఇంకో సౌకర్యం ఉంది చూశారూ, పెద్ద అక్షరం. మొదటి అక్షరం పెద్దది చేస్తే చాలు, మనిషి అయిపోతాడు. హీబ్రూలో పెద్ద అక్షరం లేదు, తెలుగులో లేదు. మన అక్షరాలన్నీ సమానమే. కాల్విన్ లాంటి సంస్కర్త పదహారో శతాబ్దంలోనే, ఈ వచనం సాతాను గురించి అనడం అజ్ఞానం అని గట్టిగా రాశాడు. ఎవరు వింటారు? 1885లో సవరించిన ఇంగ్లీషు అనువాదంలో లూసిఫర్‌ని తీసేసి పగటి చుక్క అనే అర్థం వచ్చే మాట పెట్టారు. అప్పటికి పుణ్యకాలం దాటిపోయింది.

ఇటలీ కవి దాంతే, మన మిల్టన్ ఆ పేరుకి రూపం ఇచ్చారు. మిల్టన్ గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, మొదలుపెడితే పాఠం అయిపోతుంది. 1667లో వచ్చిన ఆయన కావ్యంలో కూడా పాత్ర పేరు దాదాపు ఎప్పుడూ సాతానే. లూసిఫర్ అని అన్నచోట, ఒకప్పుడు నక్షత్రాల్లో ఆ నక్షత్రం ఎలాగో దేవదూతల్లో అతను అంత కాంతిమంతుడు కాబట్టి అలా పిలుస్తున్నాం అని వివరణ ఇచ్చుకున్నాడు. చుక్కని ఆయన మరిచిపోలేదు. మరిచిపోయింది నేను, క్లాసులో. దాంతే మాత్రం లూసిఫర్‌ని నరకం అట్టడుగున మంచుగడ్డలో నడుము దాటి పాతేశాడు. మూడు ముఖాలు. రెక్కలు ఆడిస్తుంటే వచ్చే గాలికే చుట్టూ ఉన్న నీరు గడ్డకడుతోంది. వెలుగు తెచ్చేవాణ్ణి వెలుగే లేని చోట పెట్టాడు.

ఇంతలో బయట లోకంలో ఆ మాట మామూలుగా బతికింది. 1827లో ఇంగ్లండులో జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి గీస్తే మండే పుల్లలు అమ్మాడు. రెండేళ్లకి లండన్లో శామ్యూల్ జోన్స్ అలాంటివే తయారుచేసి లూసిఫర్లు అని పేరు పెట్టాడు. వెలుగు తెచ్చేది, అంతే కదా. ఇప్పటికీ డచ్ భాషలో అగ్గిపుల్లని లూసిఫర్ అనే అంటారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న మన పిల్లలెవరైనా అక్కడి కొట్టుకి వెళ్లి "లూసిఫర్లు ఉన్నాయా" అని అడిగితే ఎవరూ ఉలిక్కిపడరు, పెట్టె తీసి ఇస్తారు. మిణుగురు పురుగు ఒంట్లో వెలుగు పుట్టించే పదార్థం పేరు లూసిఫెరిన్. గ్రీకు మాట ఫోస్ఫోరోస్ ఇంకా దూరం పోయింది. 1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది మూత్రాన్ని మరిగించి మరిగించి చీకట్లో మెరిసే పదార్థం తీశాడు. దానికి ఆ పేరు స్థిరపడింది, ఫాస్ఫరస్. మన వాళ్లు భాస్వరం అన్నారు, చక్కని మాట. మీ ఊళ్లో రైతు సూపర్ ఫాస్ఫేట్ బస్తా దింపుకుంటున్నాడంటే లూసిఫర్ గ్రీకు పేరుని పొలంలో చల్లుతున్నట్టే.

నాకు అన్నిటికన్నా నచ్చింది రొమేనియా. వాళ్ల భాష లాటిన్ కూతురు. లూసిఫర్ అనే మాట అక్కడ జనం నోళ్లలో నలిగి "లుచాఫర్" అయింది. అర్థం మారలేదు, వేగుచుక్కే. 1883లో మిహాయి ఎమినెస్కు ఆ పేరుతోనే ఒక పెద్ద కవిత రాశాడు, ఒక రాకుమారిని ప్రేమించిన చుక్క కథ అది. తరవాత రొమేనియన్లు ఆ కవినే మా కవిత్వపు లుచాఫర్ అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. మనం గురజాడని వేగుచుక్క అంటాం చూడండి, అచ్చం అలాగే. ఎవరన్నా ఆ వాక్యాన్ని లాటినులోకి మారిస్తే, గురజాడ మన సాహిత్యానికి లూసిఫర్ అవుతాడు. (నవ్వులు)

ఆ, అక్కడ ఒకాయన చెయ్యెత్తారు. చెప్పండి... శుక్రుడు మనకి కూడా అసురుల గురువే కదా, మరి రెండూ ఒకటే కదా అంటున్నారు. మంచి ప్రశ్నే, నాకూ ఆశ పుట్టింది అలా కలపాలని. కానీ కలవదండీ. శుక్రాచార్యుడు దేవతలకి ఎదురు పక్షంలో ఉన్నాడు గానీ ఆకాశం నుంచి పడలేదు. మృతసంజీవని తెలిసిన మహా పండితుడు. బలి చక్రవర్తి దానం చెయ్యబోతుంటే వద్దని చెప్పి కన్ను పోగొట్టుకున్నాడు. శుక్రవారం ఆయన పేరు మీదే ఉంది, ఆ రోజు మనం లక్ష్మికి పూజ చేస్తాం. శుక్ర అంటే తెల్లగా మెరిసేది. చుక్క ఒకటే, దాన్ని చూసి అందరూ మెరుపనే పేరు పెట్టారు, అంతవరకు నిజం. తరవాత కథలు ఎవరివి వాళ్లవి. రెండు కథలు ఒకేలా కనబడగానే కట్టగట్టెయ్యడం మనకి అలవాటు, నాకూ ఉంది. కాస్త తగ్గించుకోవాలి.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను, టైము అయిపోయిందని చీటీ పంపారు. ఇంటర్నెట్లో ఒక వీడియో తిరుగుతూ ఉంటుంది, రోములో పోపు సమక్షంలో లూసిఫర్‌ని కీర్తిస్తూ పాట పాడుతున్నారు అని. నాకు కూడా ఎవరో వాట్సాప్‌లో పంపారు, ఎర్ర అక్షరాల హెడ్డింగుతో. ఆ పాట నిజమే. ఈస్టరు ముందు రాత్రి కేథలిక్ చర్చిల్లో పెద్ద కొవ్వొత్తి వెలిగించి పాడే చాలా పాత లాటిన్ పాట. చివర్లో, ఉదయపు లూసిఫర్ వచ్చేసరికి ఈ మంట ఇంకా వెలుగుతూ ఉండాలి, అస్తమించడం ఎరగని ఆ లూసిఫర్, అంటారు. అక్కడ లూసిఫర్ అంటే క్రీస్తు. ప్రకటన గ్రంథం చివరి అధ్యాయంలో ఆయన తనను తాను ప్రకాశమానమైన వేకువచుక్క అని చెప్పుకున్నాడు, తెలుగులో చూసుకోవచ్చు. వీడియో పంపినవాళ్లకి ఇదంతా టైపు చేసి పంపాను. చదివారో లేదో, నీలం టిక్కులు మాత్రం పడ్డాయి.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. ఇవన్నీ కొంత చదువుకున్నాక క్లాసులో ఆమె పేరు చెప్పి, నేను తప్పు చెప్పాను, మీ అమ్మమ్మ పుస్తకమే రైటు అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. కాసేపు ఆలోచించి లేచి నిలబడింది.

"అయితే సార్, లూసిఫర్ వాడి పేరు కాకపోతే, సాతాను వాడి పేరేనా?"

మళ్లీ వెళ్లి చూశాను. యోబు గ్రంథం హీబ్రూలో "హ-సాతాన్" అని ఉంది. "హ" అంటే ఇంగ్లీషులో పేరుకి ముందు రాని ఆ చిన్న మాట ఉంది చూడండి, "ది", అలాంటిది. ఎదురు పక్షం వాడు, నేరం మోపేవాడు, కోర్టులో అవతలి ప్లీడరు లాగా. అదీ పేరు కాదు, పని. గ్రీకులో దానికి వాడిన మాటకి చాడీలు చెప్పేవాడు అని అర్థం. మన తెలుగు బైబిల్ దాన్ని "అపవాది" అంది. ఈసారి మర్నాడే వెళ్లి చెప్పాను ఆ అమ్మాయికి. "మా అమ్మమ్మ అపవాది అనే అంటుంది సార్" అని నవ్వింది.

ప్రశ్నలుంటే అడగండి.